పామూరు బ్యారనులో పరరాజ్య నీతి

వాషింగ్టను, మాస్కో, లండను, బీజింగు. ఈ నాలుగు పేర్లు పత్రికలో కనబడగానే మన ఇళ్ళలో చాలామంది పేజీ తిప్పేస్తారు. అదంతా ఢిల్లీ పెద్దల వ్యవహారమనీ, మనకు కావలసింది బియ్యం ధర, పిల్లల చదువు, ఆడపిల్ల పెళ్ళీ అనీ వారి వాదం. ఆ వాదంలో అన్యాయమేమీ లేదు. ఐతే బియ్యం ధరకూ, పిల్లల చదువుకూ కూడా ఆ నాలుగు ఊళ్ళ నుంచి ఒక దారి వుంది. అది చూడటానికి ప్రపంచ పటం ముందు కూర్చోనక్కరలేదు. పామూరు వెళ్ళి ఒక పొగాకు బ్యారను ముందు నిలబడితే చాలు.

పామూరు మెట్ట ప్రాంతం. 1970 ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా కనిగిరి తాలూకాతోపాటు నెల్లూరు జిల్లాలో వుండేది. ఆ జిల్లాకే 1972లో ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. కాలవ నీళ్ళకు నోచుకోని నేల. వాన కురిస్తే పంట, కురవకపోతే వలస. ఇటువంటి చోట అప్పు తీర్చగలిగే పంట ఏదని అడిగితే, ఈ చుట్టుపట్ల రైతు చాలాకాలంగా చెప్పే జవాబు వర్జీనియా పొగాకు. ఆకు కోసి, కర్రలకు కట్టి, బ్యారనులో ఎక్కించి, రాత్రింబగళ్ళు నిప్పు కాచి, పచ్చని ఆకును పసిడి రంగుకు తెస్తారు. తరువాత గ్రేడు చేసి, బేళ్ళు కట్టి, వేలం కేంద్రానికి తోలుకుపోతారు. కంపెనీ కొనుగోలుదార్లు వరసలో నడుస్తూ పాడుకుపోతారు. ఎవరూ పాడని బేలును ‘నో బిడ్’ అంటారు. ఇంగ్లీషు ఒక్క ముక్క రాని ఇల్లాలికి కూడా ఆ రెండు మాటల అర్థం బాగా తెలుసు. బేలు ఇంటికి తిరిగి వచ్చిందంటే వడ్డీ మరో నెల పెరిగినట్టే.

పొగాకు ఆరోగ్యానికి చేటు అన్నది నిజం. దాన్ని అరికట్టడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో కుదిరిన ఒడంబడిక 2005 నుంచి అమలులో వుంది. మన దేశమూ అందులో సంతకం చేసింది. ఐనా ఆ ఆకు మీద బతికే కుటుంబాలు వున్నంతకాలం దాని ధర ఎక్కడ, ఎవరు, ఎందుకు నిర్ణయిస్తున్నారో తెలుసుకోవటం అవసరమే.

అసలు ఆ ఆకు మన గడ్డ మీద పాతుకుపోవటమే ఒక పరదేశపు నిర్ణయం. 1919లో బ్రిటిషు ప్రభుత్వం తన సామ్రాజ్యంలో పండిన పొగాకుకు దిగుమతి సుంకంలో రాయితీ ఇచ్చింది. అంతవరకూ ఇంగ్లండు దొరలు కాల్చే సిగరెట్టులో ఆకు అమెరికాది. ఆ డబ్బు సామ్రాజ్యం గడప దాటి పోకూడదని లండను ఖజానా తలచింది. అదే కాలంలో, 1920లలో, వర్జీనియా రకం గుంటూరు నల్లరేగళ్ళలో నిలదొక్కుకున్నది. 1932లో కెనడాలోని ఒటావాలో సామ్రాజ్య దేశాలు కూడి పరస్పర రాయితీల పద్ధతిని మరింత బిగించాయి. ఆంధ్ర రైతు మీద ప్రేమతో ఇంగ్లండు ఆ పని చేయలేదు. తన డబ్బు తన ఇంట్లోనే తిరగాలన్న లెక్కతో చేసింది. ఆ లెక్కలో మన రైతుకు ఒక చిన్న గడి దొరికింది. పంట నానాటికీ దక్షిణంగా పాకి, మన తేలిక నేలల్లోకీ వచ్చింది.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసేసరికి ఇంగ్లండు దగ్గర డాలర్లు అడుగంటాయి. 1947 ఏప్రిల్‌లో ఆర్థికమంత్రి హ్యూ డాల్టన్ పొగాకు మీద సుంకాన్ని సుమారు సగం మేర పెంచేశాడు. సిగరెట్టు కాల్చేవాడు రెండు తగ్గించుకుంటే దేశానికి కొన్ని డాలర్లు మిగులుతాయని ఆయన ఎత్తు. డాలరు చెల్లించనక్కరలేని పొగాకు ఎక్కడ దొరుకుతుందా అని ఇంగ్లండు కంపెనీలు వెతికాయి. దక్షిణ రొడీషియాలో దొరికింది, మన దగ్గరా దొరికింది. అమెరికా ఊరుకున్నదా అంటే అదీ లేదు. 1948లో ఐరోపాను నిలబెట్టడానికి మొదలుపెట్టిన మార్షల్ ప్రణాళిక కింద వెళ్ళిన సరకుల్లో గోధుమ, పత్తితోపాటు అమెరికా పొగాకు కూడా వుంది. ఆకలితో వున్నవాడికి పొగాకెందుకని అడగకండి. పొగాకు పండించే రాష్ట్రాల ప్రతినిధులు వాషింగ్టను శాసనసభలో బలంగా వున్నారు. సాయం బిల్లు నెగ్గాలంటే వారి ఓట్లూ కావాలి.

ఇక్కడే మనం గ్రహించవలసిన రహస్యం వుంది. విదేశాంగ నీతి అనగానే మన కళ్ళకు పెద్ద బల్ల, దాని చుట్టూ గంభీరంగా కూర్చున్న సచివులు, పటం మీద ఎర్రగీతలు కనిపిస్తాయి. అది సగం నిజం. మిగతా సగం వంటింట్లోనూ, పొలంలోనూ, ఎన్నికల పెట్టెలోనూ తయారవుతుంది. ఖజానా ఒక పక్క, రైతు సంఘాలు, వర్తకులు ఒక పక్క, సేనాధిపతులు ఒక పక్క లాగుతారు. లాగగా లాగగా తాడు ఏ చోట ఆగుతుందో ఆ చోటికి ‘మా దేశపు విదేశాంగ విధానం’ అని పేరు పెడతారు. ఆనక దానికి శాంతి, స్నేహం, న్యాయం అని రంగులు వేస్తారు. ఆ రంగులన్నీ అబద్ధమని కాదు. రంగు కింద గోడ వుంటుందని మరవకూడదు.

1965 నవంబరు 11న రొడీషియాలోని తెల్లవారి ప్రభుత్వం, నల్లవారికి అధికారం ఇవ్వవలసి వస్తుందన్న భయంతో, బ్రిటనుతో తెగతెంపులు చేసుకుని స్వతంత్రం ప్రకటించుకున్నది. బ్రిటను వెంటనే అక్కడి పొగాకును నిషేధించింది. 1966 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి ఆ దేశపు పొగాకుతో సహా ముఖ్యమైన సరకులను ఎవరూ కొనరాదని తీర్మానించింది. లండను బజారులో ఒక పెద్ద దుకాణం మూతపడింది. పక్క దుకాణాలకు గిరాకీ పెరగదూ! మన పొగాకుకూ గిరాకీ పెరిగింది. ఆ వేలాలలో నాలుగు రూపాయలు ఎక్కువ కళ్ళజూసిన రైతుల్లో ఎంతమందికి ఆఫ్రికాలోని ఆ పోరాటం సంగతి తెలిసివుంటుంది? ఒకచోట మనుషులు హక్కు కోసం నలుగుతుంటే ఇంకొకచోట ఒక రైతు అప్పు తీరింది. లోకంలో లెక్కలు ఇట్లా కలిసి వుంటాయి.

సరిగ్గా అదే సమయంలో మన దేశం ఇంకొక పాఠం కూడా నేర్చుకుంటున్నది. అది గోధుమల పాఠం. 1951లో మనకు తిండిగింజలు తక్కువై అమెరికాను అడిగాం. కొరియా యుద్ధం విషయంలో నెహ్రూగారు తమ దారికి రాలేదన్న కోపంతో అక్కడి శాసనసభ నెలల తరబడి నాన్చింది. ఆ ఆలస్యం చూసి రష్యా, చైనా మేమూ ఇస్తామని ముందుకు వచ్చాయి. చివరకు జూన్‌లో 19 కోట్ల డాలర్ల అప్పుగా మంజూరైంది. 1954లో అమెరికాలో పబ్లిక్ లా 480 అనే చట్టం వచ్చింది. అక్కడి గాదెల్లో గోధుమ పేరుకుపోయింది. బయటికి పంపకపోతే వారి రైతుకు ధర పడిపోతుంది. అందుకని రూపాయలకే అమ్ముతామన్నారు. 1956 ఆగస్టులో మనతో కుదిరిన ఒప్పందంలో గోధుమ, బియ్యం, పత్తి, పాలపొడితోపాటు కొంత పొగాకు కూడా వుండటం చూస్తే నవ్వు రాక మానదు. పొగాకు ఎగుమతి చేసే దేశానికి పొగాకు! కొబ్బరితోటకు టెంకాయలు మోసుకుపోయినట్టు లేదూ?

1965, 1966 సంవత్సరాల్లో వరసగా వానలు తప్పాయి. 1966లో మనం దిగుమతి చేసుకున్న ధాన్యం కోటి టన్నులకు అటూయిటూ. ఓడ దిగితేనే కుండ పొంగే రోజులవి. అధ్యక్షుడు జాన్సన్ ఆ గోధుమలను ఏడాదికొక్కసారి కాక కొద్దికొద్దిగా, నెలల లెక్కన వదలటం మొదలుపెట్టాడు. మీ వ్యవసాయం బాగుచేసుకోండి అన్నది పైకి చెప్పిన కారణం. అందులో నిజమూ వుంది. వియత్నాం మీద బాంబులు ఆపమని మన ప్రధాని 1966 జూలైలో బహిరంగంగా కోరటం ఆయనకు రుచించలేదన్నది లోపలి కారణం. ఆ జూన్ 6ననే మన రూపాయి విలువ తగ్గింది. డాలరుకు 4 రూపాయల 76 పైసలు వున్నది ఏడున్నర రూపాయలైంది. సాయం చేసే దేశాలు, ప్రపంచ బ్యాంకు తెచ్చిన ఒత్తిడి దాని వెనుక వుంది.

ఆ గోధుమలు ఎందరో ప్రాణాలు నిలిపాయి. ఆ మాట మరిచిపోతే కృతఘ్నత. ఐతే చేయి చాచినవాడి చేతిని పట్టుకునే వీలు ఇచ్చేవాడికి ఎప్పుడూ వుంటుంది. ఢిల్లీ ఆ అవమానాన్ని మింగి, సి.సుబ్రహ్మణ్యంగారి హయాంలో మెక్సికో విత్తనం తెప్పించి, గోధుమ పంట పెంచుకున్నది. 1971 యుద్ధకాలంలో అమెరికా సాయం ఆపినప్పుడు మన కాళ్ళు 1966లో వణికినట్టు వణకలేదు.

ఇక రష్యా. 1953 డిసెంబరులో సోవియట్ యూనియనుతో మనకు వర్తక ఒడంబడిక కుదిరింది. ఆ దశాబ్దం ముగిసేలోగా చెల్లింపులన్నీ రూపాయల్లో జరగసాగాయి. వారికీ డాలర్లు కరువే, మనకూ కరువే. వారు యంత్రాలు, ఆయుధాలు, చమురు ఇచ్చారు. మనం తేయాకు, తోళ్ళు, పొగాకు ఇచ్చాం. మాస్కోలో పార్టీ పెద్దలు ప్రణాళికలో ఒక అంకె వేస్తే ఆంధ్రదేశంలో ఆకు కదిలేది. ఆసియాలో ఒక పెద్ద మిత్రుడు కావాలన్న అవసరం కూడా ఆ అంకెలో వుండేది. 1971 ఆగస్టు 9న ఉభయ దేశాల మధ్య మైత్రి ఒడంబడిక మీద సంతకాలు పడ్డాయి. ఆ స్నేహం చలవ మన వేలాల మీద కూడా కొన్నేళ్ళు పడింది.

1991 డిసెంబరులో ఆ దేశమే లేకుండా పోయింది. కొనేవాడు చెడ్డవాడై మానెయ్యలేదు, కొనేవాడే లేడు. పొగాకు, తేయాకు వర్తకులకు ఏళ్ళ తరబడి వున్న ఖాతా రాత్రికి రాత్రి చెదిరిపోయింది. పెద్ద బేరగాడు ఒక్కడే వుండటం ఎంత సుఖమో, వాడు లేచిపోయినప్పుడు అంత కష్టం. తరువాతి పదేళ్ళూ మన పొగాకు ఆటుపోట్లు చూసింది. నిల్వలు పేరుకుపోయి 2000-01లో ఆంధ్రలో పంట విరామం కూడా ప్రకటించవలసి వచ్చింది. విచిత్రమేమంటే అదే సంవత్సరంలో ఒకనాటి రొడీషియా, నేటి జింబాబ్వేలో తెల్లవారి కమతాల స్వాధీనం మొదలైంది. 2000లో 23 కోట్ల కిలోలకు పైగా పండిన అక్కడి పొగాకు 2008 నాటికి 5 కోట్ల కిలోల లోపుకు పడిపోయింది. మళ్ళీ అక్కడి కష్టం ఇక్కడికి గిరాకీగా మారింది.

ఇదంతా పాత కథేనని కొట్టేయకండి. 2018లో అమెరికా, చైనా సుంకాలతో కొట్టుకున్నప్పుడు చైనా అమెరికా పొగాకు మీద పాతిక శాతం అదనపు సుంకం వేసింది. కొనుగోలు దాదాపు ఆపేసింది. 2019 జనవరిలో మన పొగాకు తమ దేశానికి రావటానికి వీలుగా మనతో ఒక ఒప్పందం మీద సంతకం చేసింది. 2022లో ఉక్రెయిన్ యుద్ధం వచ్చింది. పడమటి దేశాలు రష్యా చమురును కాదన్నాయి. అది మనకు చవకగా దొరికింది. అంతకుముందు మన చమురు దిగుమతుల్లో రెండు శాతం లేని రష్యా వాటా మూడోవంతు దాటింది. 2022 జూలైలో రిజర్వు బ్యాంకు విదేశీ వర్తకానికి మళ్ళీ రూపాయి దారి తెరిచింది. 2023 మేలో గోవా వచ్చిన రష్యా విదేశాంగమంత్రి, మీ బ్యాంకుల్లో మా రూపాయలు గుట్టలు పడ్డాయి, వాటిని ఖర్చు పెట్టే దారి కావాలన్న ధోరణిలో మాట్లాడారు. వెనకటి ఖాతా పుస్తకం మళ్ళీ తెరిచినట్టే వుంది.

ఆ చమురు కారణం చూపే 2025 ఆగస్టు 27న అమెరికా మన సరకుల మీద అప్పటికే వేసిన పాతిక శాతం సుంకానికి మరో పాతిక చేర్చింది. ఆ దెబ్బ ముందుగా తగిలింది మన కోస్తా రొయ్యల చెరువులకు. తరువాత బేరాలు, మార్పులు ఎన్ని జరిగినా, ఆనాటి జాబితాలో రెండు విషయాలు గమనించండి. మందులకు మినహాయింపు ఇచ్చారు, రొయ్యలకు ఇవ్వలేదు. మన మందులు లేకపోతే అక్కడి రోగి ఖర్చు పెరుగుతుంది. రొయ్య మరో దేశం నుంచి తెచ్చుకోవచ్చు. రెండోది, రష్యా చమురు మనకంటే ఎక్కువ కొంటున్న చైనా మీద ఆ అదనపు పాతిక పడలేదు. యంత్రాలకు కావలసిన అరుదైన ఖనిజాలు చైనా గుప్పిట్లో వున్నాయి. న్యాయం ఒకటే ఐతే కొలత రెండు రకాలు ఎందుకు? ఎవరి చేతిలో ఏముందో అన్నదే అసలు కొలత.

ఇది చదివి అగ్రరాజ్యాలన్నీ దుర్మార్గులనే తీర్మానానికి రాకండి. మనమూ ఆ బడిలోనే చదువుకున్నాం. 2022 మేలో మన ప్రభుత్వం గోధుమ ఎగుమతి ఆపింది. 2023 జూలై 20న బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతి నిషేధించింది. ఇంట్లో ధర పెరుగుతున్నది, ఎన్నికలు దగ్గరపడుతున్నవి. మన బియ్యం మీద ఆధారపడిన ఆఫ్రికా దేశాల ఇల్లాళ్ళు ఢిల్లీని ఏమని తిట్టుకున్నారో మనకు తెలియదు. అమెరికాలోని మన తెలుగు పిల్లలు మాత్రం దుకాణాల ముందు బారులు తీరి సోనామసూరి బస్తాలు ఎత్తుకుపోయారు. అక్కడి కోడలు ఇక్కడి అత్తగారికి ఫోను చేసి బియ్యం దొరకటం లేదమ్మా అని చెప్పిన రోజున విదేశాంగ నీతి అంటే ఏమిటో రెండు ఇళ్ళకూ అర్థమై వుంటుంది. 2024 సెప్టెంబరులో ఆ నిషేధం తీసేశారు.

తనకు మాలిన ధర్మం మొదలు చెడ్డ బేరమని మన పెద్దలు అన్నారు. మనిషి విషయంలో ఈ మాట కొంత కఠినంగా తోస్తుంది. పుట్టినవాడు తనకు మాలిన ధర్మం కూడా అప్పుడప్పుడు చేస్తేనే లోకం నిలుస్తుంది. రాజ్యాల విషయంలో మాత్రం దాదాపు అక్షరాలా నిజం. రాజ్యం తన ప్రజల సొమ్ముకు ధర్మకర్త. దానికి స్నేహం వుండవచ్చు, పగ వుండవచ్చు. కాని మొదట ఇంటి లెక్క చూసుకోకుండా ఏదీ చెయ్యదు. ఆ లెక్క తెలిసినవాడు దాని చిరునవ్వుకు పొంగిపోడు, కనుబొమ్మ ముడిస్తే కుంగిపోడు.

అంచేత ఈసారి పత్రికలో అగ్రరాజ్యాల కబురు కనబడినప్పుడు పేజీ తిప్పకుండా మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ నిర్ణయం వల్ల ఆ దేశంలో ఎవరి ఇల్లు నిండుతుంది? వారికి మనతో వున్న అవసరం ఏమిటి? రేపు వారు కాదంటే మనకు ఇంకొక గడప వున్నదా? మొదటి రెండింటికీ జవాబు వారి చేతుల్లో వుంది. మూడోది మాత్రం మనదే. అది ఢిల్లీకి ఎంత వర్తిస్తుందో కనిగిరి వేలం కేంద్రానికీ అంత వర్తిస్తుంది. ఒక్క పంట, ఒక్క కొనుగోలుదారు, ఒక్క ఓడ అనుకున్నవాడు ఆంబోతుల పోట్లాటలో లేగదూడ వంటివాడు. బ్యారను పక్కన నాలుగు ఎకరాల కంది, శనగ, రెండు పాడిగేదెలు వున్న రైతుకు కూడా మాస్కో కూలితే దెబ్బ తగులుతుంది. ఐతే ఆ దెబ్బకు వాడి పిల్లవాడు బడి మానవలసిన పని వుండదు.